తొంభై ఐదు డాలర్ల మోకాలు

నమలుట ఆపి వినుడు! రాకీ పర్వతముల నెత్తిన మంచు ఇంకను కరుగుచుండగా, వానచినుకుకు మొగము వాచిన కొలరాడో మైదానమున, ఏ ఆవును మేయని, ఏ మేకయు కన్నెత్తి చూడని పచ్చికను పెంచి, దానికి తాగునీరు పోసి, అది ఎదిగినదని అలిగి శనివారము శనివారము కోసి, సంచులలో కుక్కి వీధిచివర పారవేసి, ఆదివారము మరల నీరు పోయు మహానుభావులు నివసించు ఆల్డర్ మెసా అను పట్టణమున, మే నెల మూడవ మంగళవారము ఉదయము ఎనిమిదింబావునకు, నలువది యిండ్ల క్వెయిల్ హాలో పేటలో, మొదటి యింటి గోడప్రక్కన, ఒక ఇత్తడి గొట్టము నిమిత్తమై ఘోరసంగ్రామము సంభవించెను. దానిని చెప్పెదను. ఇంతకన్న పెద్ద యుద్ధములు జరిగినవి. చెప్పుటకు నన్నెవ్వరును పిలువలేదు.

ఆ గొట్టమును తక్కువగా చూడకుడు. వీధి క్రిందినుండి వచ్చు మంచినీరు తోటలోనికి పోవలెనే గాని, ఎరువు కలిసి, కుక్కలు తడిపిన తోటనీరు వెనుకకు మరలి వంటింటి కుళాయిలోనికి రారాదు గదా! అట్లు రాకుండ గోడప్రక్కన మోకాలెత్తున నిలిచి రేయింబవళ్ళు కావలి కాయు ప్రతిప్రవాహనిరోధకమహాయంత్రమది. జనులకు అంత నోరు తిరుగక బ్యాక్‌ఫ్లో అందురు. గొట్టములో నీటి బలము పడిపోవునపుడు, దాని మూతక్రింది చిన్న నల్లని తలుపు టక్కున తెరచుకొని గాలి పీల్చవలెను. గాలి జొరబడిన చోట నీరు వెనుకకు రాదు. అదియు బలము ఇంకను ఒక పౌండైనను మిగిలియుండగనే తెరచుకొనవలెను. అంతకన్న ఆలసించినచో యంత్రము చచ్చినట్లే లెక్క. ఏటేట దానిని పరీక్షింపించి, పట్టాగల పరీక్షకుని చేవ్రాలుతో నెలాఖరులోపల పత్రము పంపని యింటికి నీరు కట్టివేయుదుమని జలశాఖవారు ఉత్తరము వ్రాయుదురు. ఆ ఉత్తరమునకు జడిసినంతగా ఆ పురజనులు యమునికి జడియరు.

అట్టి పరీక్షకులలో ఇరువది రెండేండ్లు గోడప్రక్కల తిరిగి కందిరీగలచేత కుట్టించుకొన్నవాడును, పచ్చికక్రింద గొట్టములు పరచి పరచి నడుము వంగినవాడును, పరీక్షకు తొంబదియైదు డాలర్లకు దమ్మిడీ తగ్గనని ఊరెల్ల చాటిన పంచనవతిడాలరుధ్వజుడును, కుడిమోకాలు వాచినవాడును అగు లోవెల్ ప్రుయిట్ అను వీరుడు తన మట్టిరంగు పిక్అప్ బండిపై ఆ ఉదయము క్వెయిల్ హాలో ప్రవేశించెను. ఆ నలువది యిండ్ల తోటనీటిని వసంతమున తెరచువాడు అతడే, పరీక్షించువాడు అతడే. అతని యేడాది సంపాదనలో సగము ఆ పేటదే. ఆ సగము పోయినచో మిగిలిన సగముతో బండికి నూనె పోయవచ్చును, ఇంటికి పొయ్యి వెలిగింపరాదు. మోకాలి సంగతి మరచిపోకుడు. అది మరల వచ్చును.

అల్లంత దూరమునుండియే అతడు బండి వేగము తగ్గించెను. మొదటి యింటి ముందు ఒక తెల్లని బండి నిలిచియుండెను, కడిగిన పళ్ళెమువలె మెరయుచు. దాని ప్రక్కపై నిలువెత్తు అక్షరములతో “బ్యాక్‌ఫ్లో టెస్ట్ $39” అని వ్రాసియుండెను. గోడవద్ద, ఇస్త్రీ నలుగని గోధుమరంగు ప్యాంటు, చొక్కాపై ఎర్రదారముతో కుట్టిన పేరు ధరించి, ఏకోనచత్వారింశడ్డాలరుప్రలోభవిద్యావిశారదుడగు ట్రెంట్ వాండివీర్ నిట్టనిలువుగ నిలిచియుండెను. యంత్రపు మూత తీసియుండెను. దాని కడుపునకు తగిలించిన పసుపుపచ్చ రబ్బరుగొట్టము పైకి ప్రాకి, రెండడుగుల మీద గోడకున్న కొక్కెమునకు వ్రేలాడుచున్న పీడనమాపకములో, అనగా గేజ్‌లో, ముగియుచుండెను.

లోవెల్ బండి దిగి గోడవద్దకు వచ్చెను. ఆ యిరువురి నడుమ, మడతకుర్చీలో, కాఫీ ఫ్లాస్కు కుడిచేత, నీలిరంగు అట్టల ఫైలు ఒడిలో ధరించి, డెబ్బది నాలుగేండ్ల ఆర్డిత్ మున్సన్ ఆసీనురాలై యుండెను. ఆమె పేటసంఘమునకు అధ్యక్షురాలు. పూర్వాశ్రమమున ముప్పదియొక్క యేండ్లు పట్టణ గ్రంథాలయమును ఏలినది. ఆలస్యముగ పుస్తకము తెచ్చినవాడు ఎట్టివాడైనను, ఆ కండ్లయెదుట జేబులు తడుముకొనకుండ నిలువజాలకపోయెడివాడు.

“వచ్చావా లోవెల్? కూర్చోమందామంటే రెండో కుర్చీ లేదు. ఈ అబ్బాయి ముప్పై తొమ్మిదికే చేస్తానన్నాడు. చేసేశాడు కూడా,” అని ఆమె కాఫీ చప్పరించెను.

“చేశాను మేడమ్, ఫెయిల్,” అని ట్రెంట్ విషాదము నటించెను. “సున్నా పాయింట్ రెండు. ఒకటికి తగ్గకూడదు. కొత్తది మూడొందల ఎనభై, ఇవాళే బిగించేస్తా. ఏం చేస్తాం, ముసలిదైపోయింది. ఎంతకాలమని లాక్కొస్తాం?” ఈ వాక్యమును అతడు యంత్రమును చూచి మొదలిడి లోవెల్‌ను చూచి ముగించెను.

లోవెల్ ముక్కుపుటములదరెను. “అదీ సంగతి! గుర్రం ముప్పై తొమ్మిదికి, కళ్ళెం మూడొందల ఎనభైకి! మేడమ్, ఈ ఊళ్ళో వీళ్ళ కంపెనీ ముట్టుకున్న బ్యాక్‌ఫ్లో ఒక్కటైనా పాసైందేమో అడగండి.”

“పాసైతే నాకు కమీషన్ ఉండదు కదా,” అని ట్రెంట్ నోరుజారి, “అంటే, పాసైనవి కూడా ఉన్నాయి,” అని సర్దుకొనెను.

అంతట లోవెల్ ప్రుయిట్, బొటనవ్రేళ్ళు బెల్టులో దోపి, రొమ్ము విరిచి, ప్రక్కయింటి కుక్క మొరుగుట మాని వినునట్లుగా మహోపన్యాసమునకు ఉపక్రమించెను.

“తొంభై ఐదంటే ఊరికే నోటికొచ్చిన లెక్క అనుకున్నావా బాబూ? ఏటేటా ఈ గేజ్‌ని పంపించి సరిచూయించుకోవాలి, అది నా డబ్బు. మూడేళ్ళకోసారి బళ్ళో పిల్లాడిలా కూర్చుని పరీక్ష రాయాలి, అదీ నా డబ్బే. రిపోర్టు జలశాఖకి ఎక్కించాలంటే ఫీజు నాదే. ఇన్సూరెన్సు నాదే. కిందటేడు కందిరీగ కుట్టిన చెవి కూడా నాదే! ఇరవై రెండేళ్ళు చేశాను. నా పేరు మీద ఒక్క మచ్చ చూపించు. ముప్పై తొమ్మిదికి నేను బండి తలుపు కూడా తీయను, తెలుసా?”

“తీయక్కర్లేదు పెద్దాయనా,” అని ట్రెంట్ తియ్యగా పలికెను. “మా కంపెనీలో జీతానికి చేరండి, తలుపు మేమే తీస్తాం. మీ సైజు చొక్కా ఒకటి ఖాళీగా ఉంది. పేరు కుట్టించడమే తరువాయి.”

ఆ చొక్కా లోవెల్ కండ్లకు కట్టెను. ఎర్రదారముతో తన పేరు. సోమవారము ఉదయము ఏడింటికి వీనిముందు వరుసలో నిలిచి ఇండ్ల జాబితా అందుకొనుట. ఏబది యాఱేండ్ల వయసున అంత సిగ్గు అతనికి ఎన్నడును కలుగలేదు.

“అయ్యాయా ఉపన్యాసాలు?” అని ఆర్డిత్ ఫైలు తెరచెను. “మచ్చ చూపించమన్నావు కదా. రా, చూపిస్తా. ఇవి నువ్విచ్చిన రిపోర్టులు, ఆరేళ్ళవి. మొదటేడు ఒకటి పాయింట్ నాలుగు. రెండో ఏడు ఒకటి పాయింట్ నాలుగు. మూడో ఏడు కూడా అంతే. నాలుగు, ఐదు, ఆరు... అన్నీ అంతే. నా బీపీ పూటకోలా ఉంటుంది లోవెల్. మా ఆయన ఉన్నన్నాళ్ళూ ఆయన బుద్ధి గంటకోలా ఉండేది. ఎండలో మంచులో బయట పడున్న ఈ ఇత్తడి ముక్కకి మాత్రం ఆరేళ్ళలో ఆవగింజంత తేడా రాలేదా?”

“మంచి కంపెనీ సరుకు మేడమ్,” అని వీరుడు గొణిగెను.

“నేనడిగింది కంపెనీ గురించి కాదు. నువ్వు వంగి చూశావా లేదా?”

శ్రోతలారా, ఇచట నేను సిగ్గువిడిచి నిజము చెప్పవలెను, ఏలయన మన నాయకుడు చెప్పడు. మొదటి యేడు అతడు వంగినాడు, చూచినాడు, ఒకటి పాయింట్ నాలుగు అని వ్రాసినాడు. ఆ శీతకాలముననే మంచుపై జారి కుడిమోకాలు చెడెను. నాటినుండి వసంతమున వచ్చి, తోటనీరు తెరచి, యంత్రమును దూరమునుండి ఆప్యాయముగ చూచి, బండిలో కూర్చుండి, నిరుటి కాగితమునుండి నేటి కాగితమునకు అంకె దించినాడు. దొంగతనమునకు శ్రమ కావలెను. ఇతనిది వట్టి బద్ధకము, దానిపైన తొంబదియైదు డాలర్ల వెల.

“మొదటేడు చూశాను,” అని తుదకు అతడు నేలచూపులతో పలికెను. “తర్వాత... మోకాలు మేడమ్. వంగితే లేవలేను.”

“మోకాళ్ళు నాకూ ఉన్నాయి. రెండూ కొత్తవి. ఒక్కోటి ఎంతైందో చెబితే నిలబడ్డవాడివి కూలబడతావు.” ఆమె ఫైలు మూసెను. “విను. ఇప్పుడు నా కళ్ళముందు చూడు. ఒకటి తగ్గకుండా వచ్చిందా, నలభై ఇళ్ళూ నీవే, నీ రేటుకే. తగ్గిందా, నలభై ఇళ్ళూ ఈ అబ్బాయివి. ఈ ఫైలు జలశాఖకి వెళ్తుంది. నీ పట్టా సంగతి వాళ్ళు చూసుకుంటారు.”

ట్రెంట్ చిరునవ్వు చెవులనంటెను. లోవెల్ యంత్రమువైపు చూచెను. పసుపుపచ్చ గొట్టమువెంట చూపును మెల్లగా పైకి నడిపెను. కొక్కెమునకు వ్రేలాడు గేజ్‌పై నిలిపెను. ఆరేండ్లుగా తుప్పుపట్టిన విద్య ఒకటి అతని తలలో కిర్రుమని కదలెను.

“గేజ్ అక్కడ తగిలించే చూశావా?”

“కొక్కెం ఉంది, తగిలించాను. గేజ్ గేజే కదా, ఎక్కడుంటే ఏంటి?”

“ఏంటా? నీకు పట్టా ఇచ్చినవాణ్ణి ముందు బళ్ళో వెయ్యాలి! గొట్టంలో నీళ్ళు అడుగు పైకెక్కితే పౌండులో నాలుగు పదోవంతులు పైగా మింగేస్తాయి. రెండడుగులు ఎక్కించావు. దగ్గర దగ్గర తొమ్మిది పదోవంతులు అక్కడే పోయాయి. గేజ్‌ని ఈ బ్యాక్‌ఫ్లో ఎత్తులోనే పట్టుకోవాలి. అంటే మోకాళ్ళేయాలి.”

“ఈ ప్యాంటుతోనా?” అని ట్రెంట్ నిజముగనే ఆశ్చర్యపడెను. “ఇవాళ ఇంకా పదకొండు ఇళ్ళున్నాయి నాకు. ప్రతి చోటా మోకాళ్ళేస్తూ కూర్చుంటే ముప్పై తొమ్మిదికి గిట్టుబాటవుతుందా?”

“ఆహా! ఇప్పుడు తెలిసింది రేటు తేడా ఎక్కడుందో,” అని ఆర్డిత్ ఫ్లాస్కు మూత బిగించెను. “మరి నువ్వెందుకు నిలబడ్డావు లోవెల్?”

ట్రెంట్ ఊరకుండక, “ఈయన గేజ్ ఏ కాలం నాటిదో! దాన్నెలా నమ్ముతాం?” అనెను.

“నా గేజ్ నాకక్కర్లేదు. నీదే ఇలా ఇవ్వు,” అని లోవెల్ శత్రువు ఆయుధమును కొక్కెమునుండి లాగికొనెను.

పిమ్మట జరిగినది వినుటకు గుండె దిటవు కావలెను. ట్రెంట్ విడిచిన నీటితో ఆ గోడప్రక్క నేల అడుసై యుండెను. తన మోకాలిచిప్పకు తెలియకుండ తానే దానిని మోసగింపదలచినట్లు, మొదట ఎడమకాలు వంచి, గోడకు భుజమానించి, కన్ను మూసి, పండ్లు బిగించి, ఐదేండ్ల సోమరితనమంతయు ఒక్క కీలుపై మోపుచు, లోవెల్ ప్రుయిట్ కుడిమోకాలిని అడుసులోనికి దింపెను. చిరకాలము తెరువని కొట్టపు తలుపువలె అది కిర్రుమనెను. భూమి కంపింపలేదు. ప్రుయిట్ కంపించెను. “అమ్మా” అని అతడు అన్న మాట తక్కిన యిద్దరకును, కుక్కకును వినబడెను.

గేజ్‌ను ఎడమచేత యంత్రపు కడుపుతో సమముగ పట్టెను. గొట్టములోని గాలిబుడగలను విడిచెను. రెండు పిడులను ఒకదానివెంట ఒకటి మూసెను. కుడిచేతి రెండు వ్రేళ్ళతో, నిద్రించు పసిబిడ్డ నోటినుండి పాలపీక తీయు తల్లివలె, నీటిబొట్టులను జార్చు మరను వెండ్రుకవాసి తిప్పెను. ముల్లు కదలెను.

ఐదు. నాలుగు. ముల్లు దిగుచుండెను, నల్లని తలుపు మూసికొనియే యుండెను. మూడు. ట్రెంట్ ఈల వేయసాగెను. రెండు. ఆర్డిత్ కుర్చీనుండి ముందుకు వంగెను. ఒకటిన్నర.

ఒకటి పాయింట్ నాలుగు వచ్చెను. ఆరు కాగితములపై అతని చేవ్రాలుతో వెలసిన అంకె అది. ఇచటనే తలుపు తెరచుకొన్నచో పాతపాపమంతయు పుణ్యముగా మారియుండెడిది. తలుపు తెరచుకొనలేదు. ముల్లు ఆ అంకెను దాటి, పరిచయములేనివానిని దాటిపోయినట్లు క్రిందికి పోయెను. లోవెల్ ముక్కుచివర చెమటబొట్టు నిలిచెను. తాను ఐదేండ్లు అబద్ధము వ్రాసితినని అతనికి ఎపుడును తెలియును. అది అబద్ధమని కంటితో చూచుట ఇపుడే. ఒకటి పాయింట్ మూడు. తెరచుకో తల్లీ, అని అతడు లోలోన వేడుకొనెను. ఒకటి పాయింట్ రెండు. ఎర్రదారము అతని రొమ్ముపై కుట్టుకొనిపోవుచుండెను. తన తప్పునకు తగిన శాస్తియే జరుగుచున్నదనియు, ఆ శాస్తి ఈ తెల్లబండివాని చేత జరుగుటయే భరింపరానిదనియు అతనికి ఏడుపు వచ్చెను. ముల్లు మరల వెండ్రుకవాసి జారెను.

టక్!

నల్లని తలుపు తెరచుకొనెను. యంత్రము గాలి పీల్చిన చప్పుడు స్పష్టముగ వినబడెను. తరువాతి చప్పుడు లోవెల్‌ది.

“ఎంత?” అని ఆర్డిత్.

“ఒకటి పాయింట్ ఒకటి.”

ఆమె లేచి వచ్చి, తన రెండు కొత్త మోకాళ్ళను అవలీలగా వంచి, కంటద్దములు సర్దుకొని, ముల్లును స్వయముగ చదివెను. “ఒకటి పాయింట్ ఒకటే.”

“ఒక్క పదోవంతే!” అని ట్రెంట్ అరచెను. “కొసప్రాణంతో ఉంది మేడమ్. వచ్చే ఏడు కచ్చితంగా పోతుంది.”

“వచ్చే ఏడు నేనూ పోవచ్చు. ఈ ఏడు పాసైంది కదా. ఇదిగో నీ ముప్పై తొమ్మిది. నిలబడినందుకు.”

ఏకోనచత్వారింశడ్డాలరుప్రలోభవిద్యావిశారదుడు తన గేజ్‌ను తుడుచుకొని, ప్యాంటుపై పడిన ఒకేయొక్క అడుసుచుక్కను గోట గీకికొనుచు తెల్లబండి ఎక్కెను. తక్కిన పదునొకండు ఇండ్లలో ఎచటనైనను మోకరిల్లెనేమో నాకు తెలియదు. మోకరిల్లియుండడు.

లోవెల్ మాత్రము అడుసులోనే యుండెను. లేచుటకు రెండుమార్లు యత్నించి, రెండుమార్లు కూలబడి, తుదకు ఆర్డిత్ మడతకుర్చీ వీపు పట్టుకొని పైకి వచ్చెను. కుర్చీని ఆమె పట్టుకొనెను. చేయి మాత్రము అందింపలేదు.

“నలభై ఇళ్ళు, తొంభై ఐదు చొప్పున. మాటంటే మాటే,” అని ఆమె పలికెను. “కానీ ఒకటి గుర్తుపెట్టుకో. ముప్పై తొమ్మిదికి నిలబడి చేస్తారు. తొంభై ఐదుకి వంగాలి. నలభై చోట్లా నేను కుర్చీ వేసుకుని చూస్తాను.”

“నలభై చోట్లానా మేడమ్? ఇవాళేనా?”

“ఇవాళ ఎన్నైతే అన్ని. నాకేం పనుంది?”

వీరుడు కుంటుచు తన బండివద్దకు పోయెను. బండి ముందుభాగముపై కాగితము పరచి కలము తీసెను. పేరు వ్రాసెను, తేది వ్రాసెను, యంత్రపు సంఖ్య వ్రాసెను. అంకె గడి వచ్చెను. అలవాటుపడిన చేయి ఒకటి వేసెను, చుక్క పెట్టెను, నాలుగు యొక్క వాలుగీతకై ప్రక్కకు ఒరిగెను. వెనుకనుండి ఆర్డిత్ దగ్గెను. గ్రంథాలయమున ముప్పదియొక్క యేండ్లు మనుష్యులను మౌనులను చేసిన దగ్గు అది. కలము గాలిలో ఆగెను. కొంత ఆలోచించెను. పిదప నిటారుగా క్రిందికి దిగెను. 1.1.

శ్రోతలారా, ఇదియే జయము! కొట్టుడు చప్పట్లు! మన వీరుడు రాజ్యమును గెలువలేదు, కీర్తిని గెలువలేదు, మోకాలిని ఓడిపోయెను. గెలిచినది పౌండులో పదవవంతు. చేసిన ఘనకార్యము ఒక నాలుగును ఒకటిగా వ్రాయుట. క్వెయిల్ హాలోలో ఆరేండ్ల తరువాత అతడు వ్రాసిన మొదటి నిజమది, చీమ తలకాయంత. సిరా ఆరువరకు అతడు దానిని ఊదెను, మడిచి జేబులో పెట్టెను, కుడికాలు ఈడ్చుకొనుచు రెండవ యింటివైపు కదలెను. ఆ యింటి యంత్రము ఇంకను జానెడు క్రిందుగా, గులాబీ పొద నడుమ ఉన్నది. వెనుక కుర్చీ మడిచిన చప్పుడు వినబడెను.